కోఠి చుట్టూ కాస్త తుప్పు చరిత్ర

2018 జూలై 5 పొద్దున్నే గౌలిగూడ పాత బస్టాండు కుప్పకూలింది. మా అమ్మానాన్నల తరానికి అది సీబీఎస్. 1994లో మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ వచ్చేదాకా జిల్లాల నుంచి హైదరాబాదు వచ్చిన ప్రతివాడూ మొదట కళ్ళు తెరిచి చూసింది ఆ అర్ధచంద్రాకారపు ఇనుప కప్పునే. నిజాం కాలంలో విమానాల కోసం అమెరికా నుంచి తెప్పించిన హ్యాంగర్ అని చెబుతారు. విమానాల సంగతేమో గానీ, దశాబ్దాల పాటు దాని కింద బస్సులే నిలబడ్డాయి. కూలడానికి కొద్ది రోజుల ముందే ప్రమాదం కనిపెట్టి బస్సుల్ని ఆపేశారు కాబట్టి ఒక్క ప్రాణం కూడా పోలేదు. వయసు మీద పడ్డ ఇనుము, చాలీచాలని మెయింటెనెన్సు... అప్పటి వార్తల సారాంశం ఇంతే.

నాకు ఇందులో నచ్చిన విషయం ఒకటుంది. ఎవరో ఒకరు తలెత్తి పైకి చూశారు. చూశారు కాబట్టే బస్సులు ఆపారు. తుప్పుతో వ్యవహారమంతా ఇక్కడే ఉంది. అది ఎప్పుడూ మనం చూడని వైపు నుంచే వస్తుంది. కప్పుకైతే పైనుంచి, కారుకైతే కిందనుంచి. ఆ కింద వైపు గురించి, కోఠికి చుట్టుపక్కల దొరికే చరిత్రతోనే నాలుగు మాటలు చెప్పాలని.

ముందు బస్సులు. 1932లో నిజాం స్టేట్ రైల్వే వాళ్ళు రోడ్డు రవాణా విభాగం మొదలుపెట్టారు. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. ఈనాటి ఆర్టీసీలకి మూలపురుషుడు అదే. ఆ బస్సులు స్కాట్లాండులోని గ్లాస్గోలో తయారైన ఆల్బియన్‌లు. వాటిలో ఒకదాన్ని 'డెక్కన్ క్వీన్' పేరుతో ఆర్టీసీ ఇప్పటికీ కాపాడుకుంటోంది. ఆ బస్సుని తయారుచేసిన కంపెనీ పేరు జనం మర్చిపోయారు, దానికి నీడనిచ్చిన ఊళ్ళో హ్యాంగర్ కూలిపోయింది, బస్సు మాత్రం మిగిలింది!

ఎలా మిగిలింది? కొంత శ్రద్ధ, కొంత నిర్మాణం. ఆ కాలపు బస్సులకి కింద ఛాసిస్ వేరు, పైన బాడీ వేరు. నిలువునా రెండు మందపాటి ఉక్కు దూలాలు, వాటి మధ్య అడ్డ కమ్మీలు, ఆ చట్రం మీద బాడీ బిగించేవారు. బాడీ పాడైతే విప్పి ఇంకోటి కట్టుకోవచ్చు. 1942లో మొదలైన మన హైదరాబాద్ ఆల్విన్ కంపెనీ ఫ్రిజ్‌లూ గడియారాలకంటే ముందు ఇనుప పని చేసిన కంపెనీ, తర్వాత ఎన్నో ఏళ్ళు ఆర్టీసీకి బస్సు బాడీలు కట్టిందీ అదే. మందపాటి దూలానికి అర మిల్లీమీటరు తుప్పు పడితే దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. పైన రేకు చిల్లు పడితే చూడ్డానికి అసహ్యంగా ఉంటుందే తప్ప బండి నడుం విరగదు.

కార్లలో ఈ కథ మారిపోయింది. 1922లో ఇటలీలో లాన్సియా లాంబ్డా, 1934లో ఫ్రాన్సులో సిట్రోయెన్ ట్రాక్షన్ అవాంట్ వచ్చాయి. వాటి పద్ధతి ఏమిటంటే ఛాసిస్ వేరుగా ఉండదు, బాడీయే ఛాసిస్. గుడ్డు పెంకులా బలమంతా ఆ రేకుల ఆకారంలోనే ఉంటుంది. బరువు తగ్గింది, ఖర్చు తగ్గింది, పెట్రోలు కలిసొచ్చింది. మన దేశంలో 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800 కూడా ఈ గుడ్డు జాతిదే. కానీ దీనికి ఒక షరతుంది. ఈ రేకు మందం మిల్లీమీటరుకి అటూ ఇటూ. అర మిల్లీమీటరు తుప్పు ఆల్బియన్ దూలానికి చీమకాటైతే, మారుతి ఫ్లోరుకి సగం ప్రాణం. అంటే తుప్పు అందం సమస్య నుంచి నిర్మాణ సమస్యగా ప్రమోషన్ కొట్టేసింది. ఇది మనలో చాలామంది గమనించలేదు. పాత కారు కొనేటప్పుడు ఇప్పటికీ డోర్ల మీద గీతలు చూస్తాం, సీటు కవర్లు చూస్తాం, ఏసీ వేసి చూస్తాం. వంగి కిందకి చూసేవాడు వందకి ఒకడుంటే ఎక్కువ.

ఇక రెండో బండి. నిజాం గారి రోల్స్ రాయిస్. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చిన పసుపురంగు సిల్వర్ ఘోస్ట్, వెనక సీటు స్థానంలో సింహాసనం. ఆయన 1911 ఆగస్టులో పోయారు. బండి వచ్చేసరికి గద్దె మీద ఆయన కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ ఉన్నారు. ఊరేగింపులకి తప్ప బయటకి తీయలేదు. అది తిరిగింది మొత్తం 356 మైళ్ళేనని చెబుతారు. మనం కొండాపూర్ నుంచి నాలుగు వారాలు ఆఫీసుకి పోయొస్తే అయిపోయే దూరం :)

మరి అంత తక్కువ తిరిగిన బండి మెరుస్తూ ఉండాలి కదా? ఉండలేదు. 1967 ఫిబ్రవరిలో ఏడో నిజాం పోయాక ఆస్తుల తగాదాల్లో ఏళ్ళ తరబడి ఆ కార్లన్నీ షెడ్లలోనే పడి పాడయ్యాయి. చాలా కాలానికి దాన్ని విప్పి, బాగుచేసి మళ్ళీ నిలబెట్టారు. ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో చూడొచ్చు. కోఠి నుంచి ఆటో ఎక్కితే కాసేపటి ప్రయాణం.

"బండి తియ్యట్లేదు, షెడ్డులోనే ఉంది, కొత్తదానిలా ఉంది" అని అమ్మేవాళ్ళు చెప్పే మాటకి ఆ రోల్స్ రాయిసే జవాబు. తుప్పుకి మీటరు రీడింగుతో పనిలేదు. దానికి కావాల్సింది మూడే. ఇనుము, ఆక్సిజన్, తడి. తిరిగే బండికి కనీసం గాలి తగిలి తడి ఆరుతుంది. నిలబడ్డ బండికి కింద మట్టి, ఆ మట్టిలో చెమ్మ, అలాగే ఉండిపోతాయి.

కాస్త సైన్సు చెప్పుకుందాం, విసుక్కోకండి. ఇంజనీరింగ్ ఫస్టియర్లో కెమిస్ట్రీ పేపరు గట్టెక్కడానికి బట్టీపట్టిన పాఠమే ఇది. తుప్పు ఒక చిన్న బ్యాటరీ. ఒకే రేకు మీద ఒక చోట ఇనుము ఎలక్ట్రాన్లని వదిలేస్తుంది, ఇంకో చోట ఆక్సిజన్, నీరు వాటిని అందుకుంటాయి. మధ్యలో తడి తీగలా పనిచేస్తుంది. ఆ తడిలో ఉప్పుంటే కరెంటు ఇంకా బాగా పారుతుంది. 1930లలో ఇంగ్లండులో వెర్నన్ అనే శాస్త్రవేత్త ఒక సంగతి తేల్చాడు. కలుషితమైన గాలిలో తేమ సుమారు 60 శాతం దాటిందంటే తుప్పు వేగం ఒక్కసారిగా ఎగబాకుతుంది. దాని కింద ఉంటే నత్తనడకే. మన హైదరాబాదు ఎండాకాలం ఆ గీతకి బాగా కింద ఉంటుంది, వానాకాలం పైన ఉంటుంది. విశాఖపట్నంలో, కాకినాడలో ఏడాదిలో ఎక్కువ భాగం పైనే, పైపెచ్చు ఉప్పు గాలి. అందుకే ఒకే ఏడాది కొన్న రెండు కార్లలో బీచిరోడ్డు దగ్గరున్నది ముందు ముసలిదవుతుంది. సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు అది ఏ ఊళ్ళో పెరిగిందో అడగండి. పెళ్ళి సంబంధానికి అడిగినట్టే.

అమెరికాలో ఉన్న మన మిత్రులకి ఈ గోల బాగా తెలుసు. మంచు కరగడానికి అక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. డెట్రాయిట్ ఊరి కిందే పెద్ద ఉప్పు గని ఉంది. కార్లు తయారుచేసే ఊరు, కార్లని తినే ఉప్పు, రెండూ ఒకే పిన్‌కోడులో! 2017లో అక్కడి మోటారిస్టుల సంఘం ట్రిపుల్ ఏ లెక్క ప్రకారం తుప్పు రిపేర్లకి అమెరికన్లు ఏడాదికి సుమారు 300 కోట్ల డాలర్లు పోస్తున్నారు. తయారీదారులకీ దెబ్బలు తగిలాయి. 1980లో బ్రిటన్‌లో లాన్సియా బీటా కార్లకి ఇంజను మోసే సబ్‌ఫ్రేములే తుప్పు పట్టడంతో కంపెనీ చాలా బళ్ళని వెనక్కి కొనుక్కోవాల్సొచ్చింది. గుడ్డు పెంకు కార్లకి దారి చూపిన కంపెనీయే తుప్పు దగ్గర పరువు పోగొట్టుకుంది. 2008లో టయోటా కూడా అమెరికాలో 1995-2000 టకోమా ట్రక్కుల ఫ్రేములకి 15 ఏళ్ళ వారంటీ ఇచ్చి, బాగా పాడైనవాటిని మార్కెట్ రేటుకి ఒకటిన్నర రెట్లిచ్చి తీసుకుంది. అంటే ఛాసిస్ దూలాలున్న బండయినా సరే, ఉప్పు ముందు మొనగాడేం కాదు.

మనిషి ఊరికే కూర్చోలేదు లెండి. 1824లో హంఫ్రీ డేవీ బ్రిటిష్ యుద్ధనౌకల అడుగున రాగిరేకు పాడవకుండా జింకు, ఇనుము ముక్కలు తగిలించి చూశాడు. తను కరిగిపోతూ పక్కవాణ్ణి కాపాడే లోహం అన్నమాట. 1837లో ఫ్రాన్సులో సోరెల్ ఇనుముకి జింకు పూత వేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. మన ఇళ్ళమీది జీఐ రేకులు, నీళ్ళ పైపులు ఆ పద్ధతివే. 1906లో ఇంగ్లండులో కాస్లెట్ అనే ఆయన ఉక్కుని ఫాస్ఫారిక్ ఆమ్లంతో శుద్ధిచేసి ఫాస్ఫేట్ పొర ఏర్పరిచే పద్ధతికి పేటెంటు తెచ్చుకున్నాడు. ఈరోజుకీ కారు రేకుకి రంగు వేసేముందు వేసే ఫాస్ఫేట్ పొర ఆ వంశంలోదే. 1970ల నాటికి కారు బాడీ మొత్తాన్ని ప్రైమరు తొట్టెలో ముంచి కరెంటుతో పూత పట్టించే విద్య కుదురుకుంది. 1970ల మధ్యలో పోర్షే, 1980ల మధ్యలో ఆడి జింకు పూసిన రేకులతో పూర్తి బాడీలు కట్టాయి.

ఫాస్ఫరస్ అనగానే ఢిల్లీ ఇనుప స్తంభం చెప్పకపోతే ఎలా? 1600 ఏళ్ళుగా నిలబడి ఉంది. అందులో ఏదో మంత్రం ఉందని కొందరు, అదంతా ఢిల్లీ పొడి గాలి మహిమని కొందరు కొట్టుకునేవారు. ఐఐటీ కాన్పూరు ప్రొఫెసర్ బాలసుబ్రమణ్యం దశాబ్దం పైగా దానిమీద పనిచేసి చెప్పింది ఏమిటంటే, ఆ ఇనుములో ఫాస్ఫరస్ ఎక్కువ. అది తడీ ఆరడం చక్రంలో ఇనుము పక్కనే ఒక పల్చటి రక్షణ పొర కట్టుకుంది. ఆ స్తంభానికి తుప్పు పట్టకపోవడం కాదు, పట్టిన మొదటి తుప్పే కవచమైంది. కారు రేకుకి అంత అదృష్టం లేదు. దాని తుప్పు గుల్ల తుప్పు. తిన్న ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఉబ్బి, పెచ్చులూడి, కింద కొత్త ఇనుముని మళ్ళీ బయటపెడుతుంది.

ఈ గుల్ల సంగతి నాకు మా ఇంటి బండి నేర్పింది. మా నాన్నది 2009 మారుతి 800. 2020 అక్టోబరు వానలకి మా అపార్ట్‌మెంట్ సెల్లారులో రెండ్రోజులు నీళ్ళలో నిలబడింది. నీళ్ళు తీసిన వారానికే ఒక షాపువాడు నాన్నకి అండర్‌బాడీ కోటింగ్ అంటగట్టాడు. "లైఫ్‌టైం గ్యారంటీ అంకుల్" అన్నాడట. నల్లగా, నిగనిగలాడుతూ, చూడ్డానికి ముచ్చటగా ఉండేది. 2024లో పదిహేనేళ్ళు నిండి రీ-రిజిస్ట్రేషన్‌కి తీసుకెళ్ళే ముందు కోఠి వెనక గల్లీలో ఒక పాత మెకానిక్ చాచాకి చూపించాం. ఆయన బండి లేపి, స్క్రూడ్రైవర్ పిడితో అక్కడక్కడా కొట్టుకుంటూ వెళ్ళాడు. టంగ్, టంగ్, టంగ్... ఒకచోట డబ్. అక్కడ మొనతో గీకితే నల్ల పొర అట్టులా లేచొచ్చింది. వెనక ఎర్రటి పొడి.

"వాడు కప్పిండు బేటా, బాగు చెయ్యలే," అన్నాడు చాచా.

సాఫ్ట్‌వేర్ వాళ్ళం కదా, మనకి ఇంతకంటే బాగా అర్థమయ్యే మాట లేదు. తడి ఆరకుండా, తుప్పు తీయకుండా పైన తారులాంటి పూత పూయడం అంటే ఎర్రర్‌ని ఖాళీ క్యాచ్ బ్లాకులో మింగేయడమే. లాగులో ఏమీ కనపడదు, అంతా పచ్చగా ఉంటుంది, లోపల డేటా కుళ్ళిపోతూ ఉంటుంది. పూత లేకపోతే తడి కనీసం ఆరేది. పూత దాన్ని లోపలే బంధించి పెట్టింది. 1992లో వార్డ్ కన్నింగ్‌హామ్ టెక్నికల్ డెట్ అని పేరు పెట్టినప్పుడు అప్పుతో పోల్చాడు. తుప్పుతో పోల్చి ఉంటే ఇంకా బాగుండేదేమో. అప్పుకి కనీసం నెలనెలా నోటీసైనా వస్తుంది.

మరి సరైన పద్ధతి ఏమిటి? చాచా చేసినదీ, తర్వాత నేను చదివి సరిచూసుకున్నదీ కలిపి చెబుతున్నా.

మొదట కడగడం. ప్రెషర్ నీళ్ళతో మడ్‌గార్డుల లోపల, ఫ్లోరు అంచుల్లో పేరుకున్న మట్టంతా పోవాలి. తర్వాత ఆరబెట్టడం. ఒక పూట కాదు, ఎండలో రెండు మూడు రోజులు. కాబట్టి ఈ పనికి ఫిబ్రవరి నుంచి మే లోపే మంచిది, జూన్ ముసురులో పెట్టుకోవద్దు. ఆ తర్వాత వైరు బ్రష్షు, ఉప్పుకాగితం పట్టి గుల్ల అంతా రాల్చాలి. (తుప్పు వదిలించేదాని పేరులోనే ఉప్పుంది, మన భాషకి హాస్యం ఎక్కువ.) గుంటల్లో మిగిలిన మొండి తుప్పుకి రస్ట్ కన్వర్టర్ రాస్తారు. అందులో ఫాస్ఫారిక్ ఆమ్లమో టానిక్ ఆమ్లమో ఉండి, మిగిలిన తుప్పుని గట్టి పొరగా మారుస్తుంది. పొడిపొడిగా రాలే తుప్పు మీద రాస్తే మాత్రం దండగ. అది ఆరాక జింకు ఉన్న ప్రైమరో ఎపాక్సీ ప్రైమరో వేసి, ఆఖర్న రబ్బరు లాంటి అండర్‌బాడీ కోటు. సైలెన్సర్, బ్రేకు డిస్కులు, డ్రమ్ములు, కదిలే జాయింట్ల మీద అది పడకూడదు.

అందరూ మర్చిపోయేది ఇంకోటుంది. డోర్ల కింద, ఫ్లోరు పక్కన ఉండే డొల్ల పెట్టెల్లాంటి భాగాలకి అడుగున నీళ్ళు కారిపోయే చిన్న కన్నాలుంటాయి. కోటింగ్ వేసే కుర్రాళ్ళు వాటిని కూడా శుభ్రంగా పూడ్చేస్తారు. ఇక లోపల చేరిన నీళ్ళకి దారి లేదు. ఆ కన్నాలు తెరిచి, లోపలికి మైనం లాంటి క్యావిటీ వ్యాక్స్ కొట్టించాలి. పాతకాలం డ్రైవర్లు వాడేసిన ఇంజన్ ఆయిల్ పూసేవారు. అది తుప్పుని కొంత ఆపుతుంది గానీ రబ్బరు బుష్షుల్ని తినేస్తుంది, మట్టినీ నీళ్ళనీ పాడుచేస్తుంది. వద్దు. చిల్లు పడిన చోట లప్పం పెట్టి రంగేయడం అసలే వద్దు. కుళ్ళిన రేకు కోసేసి కొత్త రేకు వెల్డు చేయించాల్సిందే. ముఖ్యంగా సస్పెన్షన్, స్టీరింగ్, సీటుబెల్టు బిగించే చోట్ల.

ఇక నా అసలు బాధ. 2021 ఆగస్టులో పాత వాహనాల స్క్రాపింగ్ విధానం వచ్చింది. 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్ళు దాటిన కారు రీ-రిజిస్ట్రేషన్ ఫీజు 600 నుంచి 5,000 అయింది. పాత బండి పొగ ఎక్కువ, ప్రమాదం ఎక్కువ అన్న వాదనలో నిజం ఉంది, కాదనను. కానీ వయసుని ఫీజుతో కొలిచినంత శ్రద్ధగా ఆరోగ్యాన్ని కొలవాలి కదా. బ్రిటన్‌లో 1960 నుంచి ఎంఓటీ పరీక్ష ఉంది. అక్కడ బ్రేకులు, స్టీరింగ్, సస్పెన్షన్, సీటుబెల్టు బిగించే చోట్ల నుంచి 30 సెంటీమీటర్ల లోపు రేకుని బలహీనపరిచేంత తుప్పుంటే బండి ఫెయిల్. దూరంగా ఎక్కడో డోరు అంచున ఉంటే పట్టించుకోరు. ఎంత సింపుల్‌గా, ఎంత ఇంజనీరింగ్‌గా ఉందో చూడండి. తుప్పు ఉందా లేదా కాదు, ఎక్కడ ఉంది అన్నది ప్రశ్న. మా బండి పరీక్షకి వెళ్ళినప్పుడు దాని కిందకి ఎవరూ వంగలేదు. చాచా రేకు మార్చి వెల్డు చేసిన చోటు సీటుబెల్టు బోల్టుకి జానెడు దూరం. అది అలాగే నల్ల పొర కింద ఉండి ఉన్నా మా కారు పాసయ్యేదే.

"ఈ డబ్బులతో ఇంకో నాలుగు నెలల ఈఎంఐ వచ్చేది, కొత్తది కొనుక్కో" అని నా టీములో వాళ్ళు అంటారు. కొనుక్కోగలిగినవాళ్ళు కొనుక్కోండి, తప్పులేదు. కానీ కోఠిలో, చిక్కడపల్లిలో పాత వ్యానుల మీద బతికే చిన్న వ్యాపారులకి ఆ దారి లేదు. ఆ వ్యానుల్లోనే కొన్ని మన పిల్లల్ని స్కూళ్ళకి తీసుకెళ్తున్నాయి. వాటి కింద రేకు ఎలా ఉందన్నది వాటి ఓనర్ల సొంత విషయం మాత్రమే కాదు.

పైగా నీళ్ళు మనల్ని వదిలేలా లేవు. 1908 మూసీ వరద పుస్తకాల్లో చదువుకున్న కథ అనుకునేవాళ్ళం. 2025 సెప్టెంబరు చివర్లో జంట జలాశయాల గేట్లు ఎత్తితే మూసీ మళ్ళీ మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ లోపలికే వచ్చింది. పాత హ్యాంగరు కూలిన చోటుకి పిలిస్తే పలికేంత దూరం. ప్రతి వానాకాలం తర్వాత ఈ ఊళ్ళో వేల బళ్ళ కింద ఒక చిన్న బ్యాటరీ మొదలవుతోంది. పైన పాలిష్ చేయించుకుని మనం దర్జాగా తిరుగుతున్నాం.

ఈ శనివారం ఒక పని చేయండి. ఫోన్ టార్చి వేసి మీ బండి కిందకి ఒకసారి వంగి చూడండి. స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టండి. టంగ్ అంటే సంతోషం. డబ్ అంటే, పూత వేయించే ముందు గీకించండి.